హాజరు పట్టీ

మా ఊళ్లో వేసవి మొదటి రోజున మంచు పడుతుంది.
ఏప్రిల్‌లో. క్యాలెండర్ చెప్పింది కాబట్టి నమ్ముతాం.
జెండాలు పట్టుకుని, మోకాళ్లు బయటపెట్టుకుని
రేవు నుంచి చర్చి దాకా నడుస్తాం,
వేసవి కదా మరి.
ఒక ఏడు బాకా ఊదే ఇల్లుగి పెదవులు
ఇత్తడికి అతుక్కుపోయాయి.
గోరువెచ్చని కాఫీ పోసి విడదీశాం.
ఆ సంగతీ ఇందులో రాసి ఉంది.

పన్నెండేళ్లుగా ఈ పుస్తకం నా దగ్గరే.
పగలు ఉత్తరాలు పంచుతాను,
బుధవారం సాయంత్రాలు పిల్లల్ని లెక్కపెడతాను.
ఐస్‌లాండ్ పడమటి కొసన, ఒక సన్నటి సముద్రపు పాయ ఒడ్డున
ఇరవై రెండు మంది స్కౌట్లు,
మూత లేని కెటిల్ ఒకటి,
డేరాలు నాలుగు, అందులో ఒకటి అబద్ధం.

మే: తీరం శుభ్రం చేశాం.
తెగిన వలలు, బెండు తేలికలు,
ఎడమకాలి బూట్లు పదకొండు.
కుడికాలిది ఒక్కటీ దొరకలేదు.
సముద్రం కుంటుతుందని చిన్నవాళ్లు తేల్చేశారు.

జూన్: జెండా వందనం. వాన.

జూలై శిబిరానికి రాత్రి ఉండదు.
పడుకోమంటే "ఇంకా ఎండ కాస్తోంది" అంటారు,
పన్నెండున్నరకి.
వాళ్లదే నిజం.
ఓడ్నీ ఈల ఊది, ఇదిగో ఇదే రాత్రి, అని ప్రకటిస్తుంది.
ఇరవై ఏళ్లుగా ఆమె మాట మీదే ఇక్కడ చీకటి పడుతోంది.

(ఆగస్టు తర్వాత చెబుతాను.)

సెప్టెంబరులో కొండ మీది గొర్రెల్ని దించడానికి సాయం వెళ్లాం.
ఎవరు ఎవర్ని దించారో సరిగా తెలియదు.
నవంబరులో బడి వ్యాయామశాలలో దీపాలార్పి
దిక్సూచితో తలుపు వెతికాం.
జనవరి చివర, రెండు నెలలు కొండ వెనక దాక్కున్న సూర్యుడు
బేకరీ కప్పు మీద నాలుగు నిమిషాలు నిలబడ్డాడు.
ఊరందరికీ మేమే పాన్‌కేకులు వేశాం.
మొదటి పెనం మాడింది. సూర్యుడికి పెట్టాం.

ఇప్పుడు ఆగస్టు.
కుటుంబాలతో బెర్రీ పండ్లు ఏరుకునే రోజు.
ఆ పేజీలో ఒక నిలువు గడి ఉంటుంది:
ఇంటి నుంచి ఎవరు వచ్చారు?
స్నైడిస్ పేరు ఎదురుగా నాలుగేళ్లు ఒకటే మాట,
ఓడ మీద, ఓడ మీద, ఓడ మీద, ఓడ మీద.
ఐదో ఏడు థోర్గ్రిమర్ వచ్చాడు.
తెల్లవారి ఐదింటికి రేవులో దిగి,
చేపల వాసనతో నేరుగా బస్సెక్కాడు.

తల్లిదండ్రులకి కళ్లకు గంతలు కట్టి
డేరా వేయించే పోటీ మొదలవబోతోంది.
బూట్లు విప్పుకుంటానని అబద్ధపు డేరాలో కూర్చున్నాడు.
అంతే.
లేపబోయిన ఓడ్నీకి అడ్డంగా
స్నైడిస్ తన కర్ర పట్టుకు నిలబడింది.
"ఆరుగంటలు పని, ఆరుగంటలు నిద్ర, ముప్పై ఎనిమిది రోజులు," అంది,
"నేను లెక్కపెట్టాను."

తాడులాట గుట్ట అవతలికి మారింది.
పాటలు పెదవుల దగ్గరే ఆగాయి.
డేరా చిరుగులోంచి ఎండ ఆయన కంటి మీద పడుతుంటే
మెడలోని రుమాలు తీసి చిరుగుకి కట్టింది,
మేము నేర్పిన ముడితోనే. మొదటిసారి సరిగ్గా వేసింది.
ఆ పిల్ల రోజంతా ఇరవై అడుగుల దూరం దాటలేదు.
అక్కడి పొదల్లో ఉన్న పండ్లే ఏరింది.

సాయంత్రం ఆయన లేచి,
నీలం నాలుకల మా అందర్నీ చూసి
"అయిపోయిందా?" అన్నాడు.
ఒక కప్పు పండ్లు చేతికిచ్చింది.
రెండో మలుపు దాకా తిన్నాడు.
తర్వాత మళ్లీ నిద్ర, కప్పు నిటారుగా పట్టుకునే.

గడిలో ఏం రాయాలో తెలీక
'పాల్గొన్నారు' అని రాశాను.
నా భుజం మీంచి చూసి,
"గురక పెట్టారని కూడా రాయండి," అంది.

రాశాను.
కెటిల్‌కి మూత కొనాలి.